పురుగు సీసాలో ఎండుమిరపకాయలు

“నువ్వే వేశావా నాయనమ్మా? నా సీసాలో ఎండుమిరపకాయలు వేసింది నువ్వేనా?”

“నేనే వేశాను. పురుగు పట్టింది, వేశాను. మూతి మీద గుడ్డ కట్టి వదిలేస్తే పట్టదా మరి?”

“అది పట్టిన పురుగు కాదు. నేను ఏరి తెచ్చి పెట్టుకున్న పురుగు.”

“పురుగుల్ని ఏరి తెచ్చుకున్నావా? ఊరంతా మందులు కొట్టి చంపలేక చస్తుంటే నువ్వు నా పచ్చడి సీసాలో పెట్టి మేపుతున్నావా?”

“మేపాలి. అదే నా ప్రాజెక్టు.”

“మీ నాన్న చేలో అవి తిన్నది చాల్లేదా? ఇంటికి పిలిచి విస్తరేయాలా?”

“ఎండలో కూడా పెట్టావా?”

“మూత బిగించి డాబా మీద పెట్టాను. పురుగు పట్టినదాన్ని ఎండలో పెట్టరా, ఉయ్యాల్లో వేసి ఊపుతారా?”

నజ్మా సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. లోపల పురుగులు వడలిపోయి, అడుగున మిరపగింజల మధ్య పడి ఉన్నాయి. వేలితో గాజు మీద కొట్టింది. ఒక్కటీ కదల్లేదు.

నజ్మా నా కొడుకు మస్తాన్ కూతురు. చీరాలలో బీఎస్సీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. మొక్కలు, జంతువులు, రసాయనాలు, మూడూ కలిపి ఆ చదువు. మా ఊరు పర్చూరు పక్కన. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వస్తుంది. కోడలు రమీజా వాళ్ళ అమ్మకు కంటి ఆపరేషనని సింగరాయకొండ వెళ్ళడంతో వంటిల్లు మళ్ళీ నా చేతికొచ్చింది. నా చేతికొస్తే అటక మీదున్న డబ్బాలన్నీ కిందికి దిగాల్సిందే. కందిపప్పు, మినుములు, ధనియాలు, చింతపండు, ఒక్కోదాన్నీ చేటలో పోసి చూసి, ఎండబెట్టి, నాలుగు ఎండుమిరపకాయలు పడేసి మూత బిగిస్తాను. మిరపకాయ ఘాటుకు పురుగు దగ్గరికి రాదు. మా జేజి అలాగే చేసేది, మా అమ్మా అలాగే చేసేది. ఆ వరసలో ఈ సీసా చేతికొచ్చింది. లోపల నాలుగు పత్తికాయలు, వాటిని తొలుస్తూ గులాబీ రంగు పురుగులు. రికార్డులో బొమ్మ గీయడానికి కాయలు దాచుకుంది గాబోలు, చూసుకోలేదు, పాపం పురుగు పట్టింది అనుకున్నాను. పత్తి రైతు ఇంట్లో ఆ పురుగును ఎవరైనా కావాలని పెంచుతారని నాకెందుకు తోస్తుంది? డెబ్భై ఏళ్ళకు దగ్గరపడ్డాను, అలాంటి మనిషిని ఎక్కడా చూడలేదు.

ఈ మూడేళ్ళుగా ఆ చదువు తెచ్చే వింతలన్నీ భరిస్తూనే ఉన్నాను. తెల్లకోటు ఒకటి, దాన్ని వేరేగా ఉతకాలి, వేరేగా ఆరెయ్యాలి. ఆ కోటుకి ముక్కు మండే మందు వాసన. బొద్దింక నోటి భాగాలు పెన్సిలుతో గీస్తుంది, చెరిపి మళ్ళీ గీస్తుంది. “ఆ బొద్దింకలు మన దొడ్లో ఊరికే తిరుగుతుంటే కాగితం మీద ఎందుకే?” అంటే నవ్వేది. గడ్డిపరకల్నీ చామంతి రెమ్మల్నీ పాత పేపర్ల మధ్య పెట్టి, పైన నా రుబ్బురోలు పొత్రం ఎత్తి పెట్టేది. ఒకసారి కాలేజీ వాళ్ళు వాడరేవు సముద్రం ఒడ్డుకు తీసుకెళ్ళారు. చేపలు తెస్తుందేమోనని నేను పులుసుకు చింతపండు నానబెట్టి కూర్చుంటే, అది ఇసుకలో పాకే ఏవో జీవాల్ని సీసాల్లో నింపుకొచ్చింది. తినేవి కావు, చూసేవట. మూడు రోజులు ఇల్లంతా నీచువాసన. చదువు కదా అని ఊరుకున్నాను.

ఈ పురుగు సంగతి మాత్రం వేరే. నజ్మా ఏడుస్తూనే చెప్పింది. ఆ పురుగు తిని, పెరిగి, గూడు కట్టి, రెక్కలతో బయటికొచ్చేదాకా రోజూ చూసి రాయాలి. చివరికి పురుగునీ గూడునీ రెక్కల పురుగునీ అట్టకు గుచ్చి, బయటినుంచి వచ్చే పరీక్షాధికారికి చూపించాలి. అది లేకపోతే ఈ సెమిస్టరు పోతుంది. మళ్ళీ రాయాలంటే ఏడాది ఆగాలి. “ఏడాది ఆగితే నాన్న ఊరుకుంటాడా? ఇప్పటికే చాల్లే అంటున్నాడు. నేనే మానేస్తాను. మీకూ పని తప్పుతుంది” అంది. సీసాను అలాగే అరుగు మీద పెట్టి లోపలికి పోయి, ముసుగు పెట్టి పడుకుంది.

నేను బయట మంచం మీద కూర్చున్నాను. తిట్టే ఓపిక అయిపోయింది. ‘నేనే మానేస్తాను’ అన్న మాట చెవిలో ఉండిపోయింది. నా చదువు ఆగిపోయినప్పుడు ఆ మాట నేను అనలేదు. ఎవరూ అనలేదు. ఆగిపోయింది, అంతే.

మా పుట్టింటి వాళ్ళు దూది ఏకేవాళ్ళు. మా నాయన భుజాన ఆ పెద్ద విల్లు వేసుకుని ఊళ్ళు తిరిగేవాడు. పరుపులు, బొంతలు విప్పి, గడ్డకట్టిన దూదిని ఏకి, మళ్ళీ మెత్తగా చేసి ఇచ్చేవాడు. ఊళ్ళు తిరగని రోజుల్లో మా సావిట్లోనే ఏకేవాడు. తలుపులు మూసుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, కొయ్యతో ఆ నారిని కొడుతుంటే టంగు టంగుమని ఇల్లంతా మోగేది. సాయంత్రానికి మా జుట్లూ కనుబొమలూ అన్నీ తెల్లబడేవి. గంజిలో దూది, కూరలో దూది. పని అవగానే నాయన చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాడు, గొంతులో పేరుకున్న దుమ్మును బెల్లం లాగేస్తుందని. మాకెవరికీ పెట్టేవాడు కాదు. అది ఆయన పనికి మందు. దూది అంటుకుంటుందని అమ్మ పక్కింటి పొయ్యి దగ్గరే వండేది, మా ఇంట్లో దీపం కూడా దూరంగా గూట్లోనే ఉండాలి. ఆ దూది వాసన, ఎండలో పెట్టిన పాత పరుపుల వాసన, ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు ముందు ఆకలి వేస్తుంది.

ఇంట్లో పెత్తనమంతా మా జేజిది, నాయన తల్లిది. పురికొస ముక్క పారేయనిచ్చేది కాదు. బొంతలు విప్పినప్పుడు వచ్చిన పాత దారాలన్నీ ఉండలు చుట్టి గోడకు వేలాడదీసేది. మనిషి గట్టిగా మాట్లాడేది కాదు. గట్టిగా మాట్లాడాల్సిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు. ఆవిడ ఒక మాట అంటే నాయన కూడా తలొంచుకుని విల్లు తీసుకునేవాడు.

నేను ఐదో తరగతి చదివే రోజుల్లో మా వైపు కొత్తగా విత్తన పత్తి వేయడం మొదలుపెట్టారు. ఒక వరస ఆడపత్తి, ఒక వరస మగపత్తి. సాయంత్రంపూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గల్ని చూసి, రేకులూ లోపలి పుప్పొడి తిత్తులూ గోటితో గిల్లి తీసేయాలి. నడిమి కాడ ఒక్కటే మిగలాలి. దానికి ఎర్రకాగితం చుట్టాలి. పొద్దున మంచు ఆరాక మగపువ్వు కోసుకొచ్చి, ఆ కాడకు పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగు అనేవాళ్ళు. కాడ విరగకూడదు, ఒక్క తిత్తీ మిగలకూడదు. పెద్దవాళ్ళ వేళ్ళు మోటువని ఆడపిల్లల్నే పెట్టుకునేవాళ్ళు. అందులోనూ పెద్దమనిషి కాని పిల్లలే కావాలి. నెలనెలా బయట ఉండే ఆడది పువ్వు ముట్టుకుంటే కాయ నిలవదని రైతుల నమ్మకం.

ఆ పనికి కుడిచేతి బొటనవేలి గోరు పెంచుకోవాలి. బళ్ళో మా మేష్టారేమో సోమవారం పొద్దున అందర్నీ చేతులు చాపమనేవాడు. గోరు కనిపిస్తే వేళ్ళ మీద బెత్తంతో ఒకటి. నేను రెండు సోమవారాలు దెబ్బలు తిని, మూడోసారి గోరు కత్తిరించుకుని చేలోకి వెళ్ళాను. ఆ సాయంత్రం నా చేతిలో మొగ్గలన్నీ నలిగిపోయాయి. కూలీల మేస్త్రీ నా బొటనవేలు పట్టుకుని చూసి, “గోరు లేకుండా ఏం పీకుదామని వచ్చావే” అని ఇంటికి పంపేశాడు. ఆ సంగతి విని మా జేజి కొట్టలేదు, తిట్టలేదు. బొంత కుడుతూ తలెత్తకుండానే అంది: “గోరు పెరిగిందాకా ఇంట్లో ఉండు. పెరిగాక చేలోకే పో. మేష్టరుకు కనపడబాక.” నా చదువు గురించి మా ఇంట్లో జరిగిన చర్చ అంతే. మా అమ్మ విస్తరాకులు తుడుస్తూ వింది. నాయన బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

చేలో పని నాకు కష్టమనిపించలేదు. పాతికమందిమి ఆడపిల్లలం, మంచుకు పావడాలు తడిసి కాళ్ళకు చుట్టుకునేవి. నోళ్ళు ఊరుకునేవి కావు. ఒకసారి నేను మేస్త్రీని అడిగాను, ఆ పువ్వు తెచ్చి ఈ పువ్వుకు ఎందుకు రుద్దాలి అని. “పెళ్ళి చేస్తున్నాం, నువ్వు పురోహితురాలివి, అడక్కుండా చెయ్యి” అన్నాడు. పిల్లలంతా నవ్వారు. చాలా రోజులు నన్ను పురోహితురాలా అనే పిలిచారు. అది నిజంగా వేళాకోళమో, నిజంగా పెళ్ళో నాకు తెలియలేదు. రాత్రి పడుకుంటే కూడా వేళ్ళు ఊరికే గిల్లుతున్నట్టు కదిలేవి. రెండు పంటలు చేశాను. మూడో ఏడు మొగ్గలు వచ్చే వేళకు నేను పెద్దమనిషినయ్యాను. మేస్త్రీ మా వాకిట్లోకి వచ్చి, నన్ను చూడకుండా మా జేజితో, “పిల్లను ఇక పంపమాకండి” అన్నాడు. పెరిగిన గోరుతో ఇంట్లో కూర్చున్నాను. బడిలో నాతో చదివినవాళ్ళు పై తరగతులకు పోయారు. బొంతలు కుట్టడం నేర్పారు, ఆ తర్వాత పెళ్ళి చేశారు.

కిందటేడు నజ్మా పుస్తకం పైకి చదువుకుంటుంటే ఆ పని మళ్ళీ వినపడింది. మొగ్గ విచ్చకముందే కేసరాలు తొలగించడం, సంచి కట్టడం, మర్నాడు పుప్పొడి చల్లడం. ఏదో పెద్ద ఇంగ్లీషు పేరు చెప్పింది. “ఇది నేను చేశానే” అన్నాను. పుస్తకం మూసి, ఎందుకు అలా చేస్తారో చెప్పింది. ఆ తల్లి గుణం, ఈ తండ్రి గుణం, రెండూ ఒక గింజలోకి రావడానికట. ఆ పని చేసిన చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నాను. “మరి పెద్దమనిషైతే ముట్టుకోకూడదనేది?” అని అడిగాను. “అదేం లేదు నాయనమ్మా. మా ల్యాబులో మేమంతా చేశాం కదా. కాయలు బాగానే నిలిచాయి” అంది. అంత మామూలుగా అంది. నేను నా బొటనవేలు చూసుకున్నాను.

మా జేజి చెడ్డదని నేను అనను. తినే నోళ్ళు చూసుకుంది, సంపాదించే వేళ్ళు చూసుకుంది. ఆ లెక్కతోనే నేనూ ఈ ఇల్లు నడిపాను. కాకపోతే ఆవిడ ముందు నాకు గొంతు రాలేదు. ఈ పిల్ల నా మొహం మీద అరుస్తుంది. అరిచినప్పుడల్లా నోరు మూయమంటాను. ఇవాళ అరవకుండా లోపలికి పోయి పడుకుంటే మాత్రం నాకు మా సావిడి గుర్తొచ్చింది. విల్లు చప్పుడు కూడా ఆగిపోయినప్పుడు ఉండే సావిడి.

పొద్దు వాలుతుండగా మస్తాన్ మిరపకల్లం నుంచి వచ్చాడు. ఒళ్ళంతా కోరు, ఆ మిరప దుమ్ముకు తుమ్ముతూనే కాళ్ళు కడుక్కున్నాడు. వాడికీ ఓపిక లేదు. కౌలుకు చేసిన పత్తి మూడోవంతు కూడా చేతికి రాలేదు, మిగిలింది ఆ మిరపే. సంగతంతా విని, గడప దగ్గర నుంచునే అన్నాడు.

“దానికి ఏడవడం ఎందుకే? మానేస్తానంటే మానేయ్. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి మనిషి దొరక్క చస్తున్నా. రేపు పొద్దున నాతో రా.”

“వస్తాలే నాన్నా” అంది లోపలినుంచి నజ్మా.

వాడు నావైపు చూశాడు. ఏదో ఒకటి అంటానని కాబోలు. ఆ పిల్ల అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని వాడూ అనుకోలేదు. తువ్వాలు దులుపుకుని స్నానానికి పోయాడు.

నేను లోపలికి వెళ్ళి నజ్మా కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

“ఆ పురుగులు మళ్ళీ తెచ్చుకోకూడదూ?”

“ఎక్కడినుంచి? చేలన్నీ పీకేసి దున్నేశారు.”

“ఊళ్ళో ఎక్కడా లేవా?”

“ఉన్నాయి. చెప్తే తిడతావు.”

“తిట్టను, చెప్పు.”

“మన దొడ్లో. నువ్వు దాచిన పత్తి కట్టెలో.”

పత్తి తీతలు అవగానే కట్టె పీకి చేలోనే తగలెయ్యమని వ్యవసాయశాఖ ఆయన ఊరికొచ్చి చెప్పి పోయాడు. మస్తాన్ తగలేస్తానంటే నేనే ఒప్పుకోలేదు. ఏడాదంతా నీళ్ళ పొయ్యికి సరిపోతుంది, పొయ్యిలో కాలినా కాలినట్టేగా అన్నాను. ట్రాక్టరు తెప్పించి దొడ్లో గోడ ఎత్తున వామి వేయించాను. అదే మాట నజ్మాతో అన్నాను.

“పొయ్యిలోకి పోయేదాకా అవి ఆగవు నాయనమ్మా. విచ్చుకోని గుడ్డికాయలు ఆ కట్టెకే ఉన్నాయి కదా. వాటిల్లో నిద్రపోతుంటాయి. తొలకరికి రెక్కలొచ్చి మళ్ళీ చేలోకే పోతాయి. మా సారు చెప్పారు.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“చెప్పా. సంక్రాంతికి ముందే చెప్పా. కట్టె మీద నీ కన్ను పడిందంటే ఇంకేం వింటావు నువ్వు?”

చెప్పిందేమో. నాకు గుర్తులేదు. తిట్టనన్నాను కాబట్టి తిట్టలేదు. అన్నం తినమన్నాను, తినలేదు. “తినకపోతే చల్లన్నం రేపు నువ్వే తినాలి” అని గిన్నె మూతేసి వచ్చి పడుకున్నాను.

పొద్దున మసీదులో అజాన్ అవగానే లేచి దొడ్లోకి వెళ్ళాను. వామి అంచున కూర్చుని కట్టె లాగి, ఎండిన గుడ్డికాయలు ఒక్కోటీ రాయి మీద పెట్టి పగలగొట్టాను. మొదట్లో దుమ్మే వచ్చింది. తర్వాత ఒక కాయలో రెండు గింజలు ఒకదానికొకటి అంటుకుని కనిపించాయి. నా కళ్ళకు అంతవరకే ఆనుతుంది. గట్టిగా నొక్కబోతుంటే వెనకనుంచి నజ్మా, “నలపబాక, విడదియ్యి” అంది. పక్కన కూర్చుని అదే విడదీసింది. లోపల గులాబీ రంగు పురుగు ముడుచుకుని ఉంది. ఊదితే మెల్లగా కదిలింది. ఆ తర్వాత వరసగా దొరికాయి. చేతికందిన చోటల్లా దొరికాయి. దానికి కావలసినన్ని ఏరుకుని ఇంకా చాలా వదిలేసింది. ‘నేను ముందే చెప్పానా’ అని మాత్రం నన్ను అనలేదు. నేను మాగాయ సీసా ఖాళీ చేసి, కడిగి, తుడిచి ఇచ్చాను.

మస్తాన్ బండి తీస్తూ, “నజ్మా, రావా?” అని పిలిచాడు. “అది బస్సుకు పోతుంది. తాలుకాయలు నేనొచ్చి ఏరతాలే” అన్నాను. “ఆ కోరుకు నువ్వు ఆగలేవమ్మా” అన్నాడు. “దగ్గుకుంటూ ఏరతా” అన్నాను. నజ్మా చల్లన్నం తిని, తెల్లకోటు సంచిలో పెట్టుకుని, సీసా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళింది. అది వెళ్ళాక, బండెక్కబోతున్న మస్తాన్‌ను ఆపి, వాడి చేత వామిని దొడ్డి బయట బీట్లోకి లాగించి నిప్పు పెట్టించాను. ఒక్క మోపు కూడా ఉంచుకోలేదు. ఆ పూట స్నానానికి నీళ్ళు గ్యాసు మీద కాచుకున్నాను.